గోనెసంచుల దారి

రెండో బ్లాకు,
వానలు మొదలయ్యాక

అక్కా,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. వాతావరణం చల్లబడింది. వేళకి భోజనం పెడుతున్నారు, వేళకి తలుపులు వేస్తున్నారు. అధికారులు మమ్మల్ని ఆదరంగా చూస్తున్నారు. నిన్న కిటికీ ఊచ మీద ఒక పిచ్చుక వాలింది. ఈరోజు కూడా వాలింది. రేపు కూడా వాలవచ్చు. నా జీర్ణశక్తి బాగుంది. జుట్టు ఊడటం కూడా తగ్గింది.

ఇక రెండో పేజీకి వచ్చాం. ఉత్తరాలు చదివి ముద్ర వేసే గుమస్తాకి మొదటి పేజీతోనే ఆవులింతలొస్తాయి కాబట్టి ఇక్కడి నుంచి మనం మాట్లాడుకోవచ్చు.

కత్తెరన్న పడిపోయాడక్కా. నీకు రాశాను కదా, ఇక్కడ అందరికీ జుట్టు కత్తిరించే ఆయన. బయట ఉన్నప్పుడూ ఆయనది అదే పని. తుంటి ఎముక విరిగింది.

మా బ్లాకు నుంచి స్నానాల గదులకి ఒక సన్నటి నడవ ఉంది. దాని పైన నీళ్ళ గొట్టం కారుతుంది. నేనొచ్చిన నాటి నుంచీ కారుతూనే ఉంది. బాగుచేయించాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు రావాలంటే కిందివాళ్ళు రాయాలి. రాస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడుగుతారట. అందుకని రాయడం మానేసి నడవ పొడుగునా గోనెసంచులు పరిపించారు. సంచుల కింద పాచి, సంచుల మీద మేము. నాది బట్టలుతికే పని కాబట్టి ఆ సంచులు ఉతికి, ఆరేసి, మళ్ళీ పరిచేది నేనే.

పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే మాత్రం సంచులు ఎత్తేయాలి. కనబడితే వాటి కింద ఏముందని అడుగుతాడు కదా. అది ఇక్కడి రివాజు. మొన్న వార్డర్ల పెద్ద జమేదారు వచ్చి, "ఒరేయ్, ఆ గోనెలు ఎత్తెయ్. పెద్దాయనొచ్చేసరికి నేల అద్దంలా ఉండాలి" అన్నాడు. ఎత్తి మెట్ల కింద కుక్కాను. నేల కడిగాను. చెప్పినట్టే అద్దంలా వచ్చింది.

తనిఖీ రోజు అందరి గడ్డాలూ నున్నగా ఉండాలి. కత్తెరన్న పొద్దున్నే పక్క బ్లాకు ముగించుకుని, పెట్టె పట్టుకుని మా వైపు గబగబా వస్తున్నాడు. పెద్దాయన రావడానికి ఇంకా చాలా టైముంది, సంచులు అప్పుడే తీసేసుంటారని ఆయన అనుకోలేదు. నేను నడవ చివర బకెట్టుతో ఉన్నాను. "అన్నా, ఆగు" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే పడ్డాడు. లేవలేకపోయాడు. నలుగురం దుప్పట్లో వేసుకుని మోసుకెళ్ళాం.

పెద్దాయన వచ్చాడు, చూశాడు, నడవ చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్ళాడు. సాయంత్రం జమేదారు మళ్ళీ సంచులు పరవమన్నాడు. పరిచాను. మనసేం బాగాలేదక్కా.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

తమ్ముడూ,

నీ జీర్ణశక్తి గురించి తెలిసి చాలా సంతోషించాను. గుమస్తాగారి కోసం నేనూ నాలుగు ముక్కలు రాస్తాను. ఇక్కడ కూడా వానలే. బట్టలు ఆరడం లేదు. ఆరని బట్టకి ఇస్త్రీ పెడితే ఆవిరొస్తుంది. ఆవిరి పైకి పోతుంది. పైకి పోయింది మళ్ళీ వానై కురుస్తుంది కాబోలు.

ఆయన నిద్రపోయి ఉంటాడు, ఇక చెబుతాను విను.

పాపం కత్తెర. తుంటి విరగడమంటే మాటలా. కానీ నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగకు. ఎత్తమన్నారు, ఎత్తావు. ఎత్తకపోతే మాట వినలేదని నిన్ను చీకటి గదిలో పెట్టేవాళ్ళు. గొట్టం వాళ్ళది, నేల వాళ్ళది, సంచులు వాళ్ళవి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నీకు చిన్నప్పటి నుంచీ ఊరివాళ్ళ తగువులంటే ముద్దు. గొడౌనులో ఎవడో నీ తోటి హమాలీని తిట్టాడని నువ్వు చెయ్యి చేసుకుని లోపలికి పోయావు. తిట్లు తిన్నవాడు హాయిగా బయట తిరుగుతున్నాడు. మొన్న నా కొట్టుకే వచ్చి ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నాడు. మడత కత్తిలా రావాలట. నీ మీద కోపం ఆ ప్యాంటు మీద చూపించాను, మడత బాగానే వచ్చింది.

మంచి నడవడి ఉన్నవాళ్ళని ముందే వదిలే లిస్టు ఒకటుంటుందని రాశావు కదా, అదేమైందో కనుక్కో. అందులో నీ పేరుండాలి. నాకు కావలసింది అదొక్కటే. నిన్న స్కూలు మాస్టారి చొక్కా కాలరు కాల్చేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని. ఏం లేదులే, కాస్త నీరసం.

అక్క


రెండో బ్లాకు,
చలికాలం

అక్కా,

పిచ్చుక ఇప్పుడు రావడం లేదు. చలికి ఎటో పోయినట్టుంది. వార్డర్లు కొత్త స్వెట్టర్లు వేసుకున్నారు, నీలం రంగు, చూడముచ్చటగా ఉన్నాయి. భోజనం యథాప్రకారం.

ఇక అసలు సంగతి. కత్తెరన్న శిక్ష పూర్తయి ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు చంకల్లో రెండు కర్రలతో వెళ్ళాడు. ఆయన జైలు మీద కేసు వేశాడు. వైద్యం చేయించాలని, పని చేసుకోలేకపోతున్నాడు కాబట్టి బతుకుతెరువు చూపించాలని.

వాళ్ళ వకీలమ్మ నన్ను చూడటానికి వచ్చింది. చిన్నపిల్లలాగే ఉంది కానీ మాట స్పష్టం. "నేల జారుడుగా ఉందని జైలువాళ్ళకి ముందే తెలుసు అని తేలాలి. తెలిసీ వదిలేస్తేనే నిర్లక్ష్యం. తెలియదంటే తప్పించుకుంటారు" అంది. జైలువాళ్ళు కోర్టుకిచ్చిన జవాబు ఏమిటో తెలుసా? గొట్టం ఎప్పుడూ కారలేదట. నేల పొడిగా ఉందట. సంచులన్నవి అసలు లేనే లేవట. కత్తెరన్న కోతివేషాలు వేస్తూ గెంతి పడ్డాడట.

కేసు కాయితాలు వచ్చిన మర్నాడే గొట్టం బాగుచేశారు. ఇన్నేళ్ళు రాని ఉత్తర్వు ఎక్కడి నుంచి ఊడిపడిందో. సంచులు తగలబెట్టారు. తగలబెట్టింది కూడా నేనే. సంచుల మీద అందరూ నడిచారు కానీ, వాటిని తనిఖీ కోసం ఎవరు తీయించారో తెలిసి చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే, జమేదారూ నేనూ. జమేదారు చెప్పడు. వకీలమ్మ నన్ను సాక్ష్యానికి పిలిపించింది.

సూపరింటెండెంటు పిలిచి కూర్చోమన్నాడు. ఆయన ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. "వాయిదా అయిపోయాక విడుదల లిస్టు పైకి పంపుతున్నాం. నీ పేరు పెట్టాను. కోర్టులో ఆలోచించుకుని మాట్లాడు" అన్నాడు. అంతే. కసరలేదు, బెదిరించలేదు. చాలా మర్యాదగా అన్నాడు.

నాకు చెప్పాలనే ఉందక్కా. నువ్వేమంటావు?

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు,
పొద్దున్నే, బొగ్గులు రాజుకునేలోపు

తమ్ముడూ,

ఈసారి మొదటి పేజీ లేదు. ఆయన చదివితే చదవనీ.

ఏమంటావని అడిగావు కాబట్టి అంటున్నాను. వద్దు. నోరు మూసుకుని రా. నేల ఎలా ఉందంటే గుర్తు లేదను. అబద్ధం కూడా అక్కర్లేదు, గుర్తు లేదంటే చాలు. ఆ జమేదారు చెప్పడు, ఆ సూపరింటెండెంటు చెప్పడు, నూరుమంది నడిచిన దారి, నూరుమందిలో ఒక్కడూ చెప్పడు. నువ్వొక్కడివే సత్యవంతుడివా?

నీకు చెప్పకూడదనుకున్నాను. ఆడవాళ్ళ విషయం, తమ్ముడికి రాసేది కాదు. గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషన్ చేయాలంది డాక్టరు. పోయిన వానల్లోనే చెప్పింది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. మందులిచ్చింది, మింగుతున్నాను. ఒక్కొక్క నెల ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడలేక గోడకి ఆనుకుంటున్నాను. ఆపరేషన్ అయితే ఆస్పత్రిలో ఎవరో ఒకరు పక్కనుండాలి, ఇంటికొచ్చాక బరువెత్తకూడదు. నా పెట్టె బరువు నీకు తెలుసు. నాకెవరున్నారు? మీ బావ పోయాక ఆ వైపు నుంచి మనిషి రాకపోక లేదు. అందుకే నీ లిస్టు, నీ లిస్టు అని ప్రాణం తీశాను.

భయంగా ఉందిరా. నీకు తప్ప ఇంకెవరికీ ఈ మాట చెప్పలేను. కత్తెరకి పెళ్ళాం ఉంది, వకీలు ఉంది, కోర్టు ఉంది. నాకు నువ్వొక్కడివే. రా.

అక్క


రెండో బ్లాకు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పాత గుమస్తా బదిలీ అయ్యాడు. కొత్తాయన చాలా శ్రద్ధ గలవాడు. ప్రతి ఉత్తరం మొదటి నుంచి చివరి వరకు చదువుతారు. అక్షరదోషాలు కూడా చూపిస్తున్నారు.

నువ్వు నీ ఆరోగ్యం ముందే రాయవలసింది. డాక్టరు చెప్పినట్టు మందులు వాడు. నిలబడి పని చేయకు.

వాయిదా దగ్గర పడింది. నేల పొడిగానే ఉందని, సంచుల సంగతి నాకు తెలియదని చెబుతానని సూపరింటెండెంటుగారికి చెప్పాను. వారు సంతోషించారు. లిస్టులో నా పేరు పదిలంగా ఉంది. త్వరలో వస్తాను.

వాతావరణం బాగుంది.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు,
కొట్టు మూసేశాక

గుమస్తాగారికి,

మీరు మొత్తం చదువుతారట కాబట్టి ముందు మీకే నమస్కారం. ఇందులో జైలు గోడలు దూకే ఉపాయాలేమీ లేవు. ఒక అక్క తమ్ముడికి రాసుకున్న మాటలు. వాయిదాకి ముందే ఇది వాడి చేతికివ్వండి. మీకూ అక్కచెల్లెళ్ళుంటారు.

తమ్ముడూ,

నీ ఉత్తరం గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టుంది. ఎక్కడా ముడత లేదు, మనిషి కూడా లేడు. నేను అడిగిందే నువ్వు రాశావు. చదివి సంతోషపడాలి కదా, పడలేదు. అన్నం సహించలేదు. మర్నాడు కొట్టు కట్టేసి కత్తెర ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

ఎందుకు పోయానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా వాణ్ణి ఈ గొడవలోకి లాగకండని మొహం మీదే అడుగుదామని పోయాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను.

ఒకటే గది, ముందు చిన్న పంచ. పంచలో కుర్చీ, అద్దం. కత్తెర ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. నిలబడలేడు కదా. జుట్టు కత్తిరించేవాడు తల చుట్టూ తిరగాలి. ఈయన తిరగలేడు కాబట్టి, వచ్చినవాణ్ణే కుర్చీ తిప్పుకోమంటున్నాడు. "కాస్త ఇటు తిరుగు బాబూ, ఇంకాస్త" అంటున్నాడు. నాలుగోసారి తిరిగేసరికి ఆ మనిషికి విసుగొచ్చి, "నాకు జుట్టు కత్తిరిస్తున్నావా, నన్ను గానుగకి కట్టావా" అన్నాడు. సగం కత్తిరింపుతోనే లేచిపోయాడు. ఇంకోచోటైతే నవ్వేదాన్ని. కత్తెర మొహం చూసి నవ్వలేకపోయాను.

ఎవరినో చెప్పగానే, "మా బట్టలుతికే తమ్ముడి అక్కగారా" అని వాళ్ళావిడ చాప వేసింది. నేను నోరు తెరిచేలోపే ఆయనే మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ వాడి పేరు లిస్టులో ఉందని విన్నాను. మా వకీలమ్మ నన్నడక్కుండానే వాణ్ణి సాక్ష్యానికి పిలిచింది. వాణ్ణి చెప్పొద్దనండి. నేను బయటున్నాను, వాడు ఇంకా వాళ్ళ చేతిలోనే ఉన్నాడు."

"మరి మీ కేసు?" అన్నాను.

"పోతే పోతుంది."

వాళ్ళావిడకి కోపమొచ్చింది. "పోతే పోతుందా? గెంతుతూ పడ్డాడని రాశారమ్మా. ఈయన గెంతడమేమిటి? పెళ్ళిలో కూడా గెంతలేదు. ఇప్పుడు నేల తడిగా ఉందంటే మంచం దిగడు. వాన పడితే రోజంతా మంచం మీదే. ఇంట్లో చెంబెడు నీళ్ళొలికితే ముందు నేను తుడిచి, తర్వాత ఊపిరి పీల్చుకుంటాను" అంది.

నేను కూడబలుక్కున్న మాటలన్నీ ఆయనే అనేశాడు, నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు. వస్తుంటే గుమ్మం దాకా సాగనంపుతానని లేచాడు. వద్దన్నా వినలేదు. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, ఆ నాలుగడుగులు నడవడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో చూస్తూ నిలబడ్డాను.

చెప్పు తమ్ముడూ. నేల తడిగా ఉందని చెప్పు. సంచులు ఎవరు పరిపించారో, ఎవరు తీయించారో చెప్పు. నా సంగతి నేను చూసుకుంటాను. మొన్న రా అన్నాను, ఇవాళ వద్దనడం లేదు. ఎప్పుడొస్తే అప్పుడే రా. కానీ ఆ అబద్ధం మోసుకుని రాకు. నీతో పాటు దాన్ని కూడా ఇంట్లో పెట్టుకోవాలి, చోటు చాలదు.

అక్క


రెండో బ్లాకు,
వాయిదా అయిన మర్నాడు

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం కోర్టు నుంచి తిరిగొచ్చాక ఇచ్చారు. ముందు ఇవ్వలేదు. కాబట్టి నువ్వు చెప్పమంటే చెప్పానని అనుకోకు. నువ్వు తిడతావనుకుంటూనే చెప్పాను.

నిజానికి చెప్పకూడదనే వెళ్ళాను. వ్యానులో కూర్చుని అదే వల్లె వేసుకున్నాను. నేల పొడిగా ఉంది, సంచులు నాకు తెలియవు. బోనెక్కే ముందు కూడా నువ్వు గోడకి ఆనుకుని నిలబడ్డట్టే కనబడింది.

కోర్టు గది చిన్నదే. ఫ్యాను కిర్రుమంటోంది. కత్తెరన్న ముందు బెంచీ మీద ఉన్నాడు, కర్రలు పక్కన పెట్టుకుని. వకీలమ్మ అడిగింది, "ఆ రోజు నేల ఎలా ఉంది?" అని. నేను కత్తెరన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. నన్ను మొహమాటపెట్టకూడదని తిప్పుకున్నాడక్కా. ఆయన బతిమాలుతున్నట్టు చూసుంటే ఆ అబద్ధం చెప్పేసేవాణ్ణేమో. అలా తిప్పుకున్నాక నావల్ల కాలేదు.

"తడిగా ఉందండి. ఎప్పుడూ తడిగానే ఉంటుంది" అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. గొట్టం, పాచి, సంచులు, తనిఖీ, జమేదారు మాట, మెట్ల కింద కుక్కడం, తగలబెట్టడం, అన్నీ చెప్పాను.

జైలు తరఫు వకీలు లేచాడు. "సంచులు తీసింది నువ్వే. నేల కడిగింది నువ్వే. అంటే తప్పు నీదే కదా?" అన్నాడు.

"వేయమంటే వేశానండి, తీయమంటే తీశానండి. మాకు అక్కడ సొంతంగా లేవడం, కూర్చోవడం కూడా లేదు" అన్నాను.

"అక్కడ జారుతుందని అందరికీ తెలుసన్నావు. మరి ఆ మనిషికీ తెలుసు కదా. చూసుకుని నడవాలి కదా?"

అప్పుడు జడ్జిగారు కళ్ళజోడు తీసి, "ఇందాకటి దాకా నేల పొడిగా ఉందన్నారు మీరు" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. నన్నే అడిగారు, "ఆ నడవ కాకుండా ఇంకో దారి ఉందా?"

"లేదండి. స్నానానికైనా, ఒంటికి రెంటికైనా అదే దారి."

"బయటివాడికైతే ఈ దారి బాగాలేదు, ఇంకో దారిన పోతాననే వీలుంటుంది" అని ఆయన తనలో తను అనుకున్నట్టు అని, రాసుకున్నారు. తీర్పు తర్వాత చెబుతామన్నారు.

బయటికి తెస్తుంటే కత్తెరన్న నన్ను పిలవలేదు, నేనూ పలకరించలేదు. వార్డర్లు ఉన్నారు. వ్యానెక్కేటప్పుడు చూస్తే ఆయన కర్రల మీద నిలబడి ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇది కూడా చదవండి గుమస్తాగారూ, దాచడానికేమీ లేదు.

ఆపరేషన్ సంగతి ఏం చేస్తావో రాయి. నాకు నీ గురించి తప్ప దిగుల్లేదు.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు,
ఎండలు ముదిరాక

తమ్ముడూ,

తీర్పు నీకు అక్కడ చెప్పే ఉంటారు. చెప్పరేమోనని నేనూ రాస్తున్నాను. తప్పు జైలుదేనన్నారు జడ్జిగారు. మనిషిని తీసుకెళ్ళి ఒకే దారిలో నడవమని బంధించినప్పుడు, ఆ దారి బాగోగులు చూడాల్సింది బంధించినవాళ్ళేనన్నారు. ప్రమాదం తెలిసీ బాగుచేయకపోవడం ఒక తప్పు, పై అధికారికి కనబడకూడదని ఉన్న సంచులు కూడా తీసేయడం ఇంకా పెద్ద తప్పు అన్నారట. కత్తెరకి వైద్యం, బతుకుతెరువు, రెండూ వాళ్ళే చూడాలి. వాళ్ళావిడ పరిగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పింది. ఆవిడ ఏడుస్తుంటే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను.

లిస్టు సంగతి నువ్వు రాయలేదు. రాయవని తెలుసు. నేనే వెళ్ళి గేటు దగ్గర అంటించినది చదువుకున్నాను. రెండుసార్లు చదివాను. తర్వాత అక్కడున్న వార్డరుతో కూడా చదివించాను. నీ పేరు లేదు. అప్పీలు చేసుకోవచ్చని వకీలమ్మ అంటోంది, చేస్తుందట. అయ్యేదాకా నమ్మకం లేదు.

నీ మీద కోపమొచ్చింది తమ్ముడూ. చెప్పమన్నదాన్ని నేనే, అయినా వచ్చింది. గేటు దగ్గర నుంచి ఇంటిదాకా నిన్ను తిట్టుకుంటూనే నడిచాను. ఒక్కసారైనా వీడు నా గురించి ఆలోచించకూడదా అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకుంటే, ఆలోచించే చేశావని తెలుసు కాబట్టి ఇంకా ఏడుపొచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. నీతో అబద్ధమెందుకు.

ఆపరేషన్ వచ్చే వారం. కత్తెర వాళ్ళావిడ ఆస్పత్రిలో నా దగ్గరుంటానంది. నేను అడగలేదు, ఆవిడే సంచి సర్దుకుని కూర్చుంది. కొట్టు కొన్నాళ్ళు మూసేస్తాను. స్కూలు మాస్టారు ఇంకెవరికీ ఇవ్వకుండా నలిగిన చొక్కాలే వేసుకుంటానన్నారు. కాలరు కాల్చినా ఆయనకి నా మీద గురి పోలేదు.

నిన్న ఆస్పత్రిలో పేరు రాయించుకున్నాను. అక్కడ కూర్చున్న నర్సమ్మ దగ్గరి బంధువులెవరని అడిగింది. తమ్ముడున్నాడన్నాను. ఏం చేస్తాడని అడిగింది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా పై ఊళ్ళో పనిలో ఉన్నాడని చెప్పేదాన్ని, నీకు తెలియదు. బయట వరసలో పదిమంది ఉన్నారు, అందరికీ వినబడుతోంది. "జైల్లో ఉన్నాడమ్మా. ఈ నెల రావలసినవాడే. నిజం చెప్పాడని ఆపేశారు" అన్నాను. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. తర్వాత నీ పేరు ఎలా రాయాలో అడిగి, రాసుకుంది.

అక్క